కదకేస్‌లో అయిదు రాత్రులు, ఒక విరిగిన చక్రం

బార్సిలోనాలో మూడు రోజులు తిరిగాక మా ఆవిడ తేల్చి చెప్పేసింది: "ఇక చర్చిలూ మ్యూజియాలూ చాలండీ. ఎక్కడైనా ఊరికే కూర్చుందాం." మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఈ సంగతి ముందే ఊహించినట్టున్నాడు, కదకేస్‌లో అయిదు రాత్రులకు గదులు చూసి పెట్టాడు. స్పెయిన్ ఈశాన్యపు కొసన, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న చిన్న ఊరు అది. జనాభా మూడు వేలు కూడా ఉండదు. మేము వెళ్లింది సెప్టెంబరు చివరి వారంలో.

ఊరికి రైలు లేదు. బార్సిలోనా నుంచి నేరుగా బస్సుంది కాని, మేము వేగంగా వెళ్లే రైలెక్కి గంటలోపే ఫిగేరస్ అనే ఊరు చేరాం. అక్కణ్నుంచి కదకేస్‌కు బస్సు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ రైలు ఆగే విలఫాంత్ స్టేషను ఫిగేరస్‌కు ఒక పక్కగా ఉంటుంది. కదకేస్ బస్సు కోసం ఆ ఊళ్లోని బస్టాండుకు వెళ్లాలి. ఆ సంగతి తెలియక ఒక బస్సు పోగొట్టుకున్నాం. ఎండాకాలం దాటితే బస్సులు తగ్గిపోతాయి కాబట్టి వేళలు ముందే చూసుకోవడం మంచిది. చివరి అరగంట శ్రీశైలం ఘాట్ రోడ్డును గుర్తు చేసింది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లలో కూర్చోండి. కొండల నిండా మెట్లుమెట్లుగా రాతి గోడలు కనిపిస్తే పాత కోటలేమో అనుకున్నాను. అవి ద్రాక్షతోటల గట్లట. 19వ శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే పురుగు తీగలన్నిటినీ తినేస్తే, గట్లు మాత్రం మిగిలాయి.

మొదటి రెండు రాత్రుల బసకు రోజుకు 85 యూరోలు. "సముద్రానికి అయిదు నిమిషాల నడక" అని రాసి ఉంది. అబద్ధం కాదు, దిగేటప్పుడు అయిదు నిమిషాలే. ఎక్కడానికి ఎంత పడుతుందో వాళ్లు రాయలేదు. పాత ఊరి సందులన్నీ నల్లటి పలకరాయిని నిలువుగా పాతి పరిచినవి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, చక్రాల పెట్టెకు మాత్రం యమపాశాలు. రెండో మలుపులో మా పెద్ద పెట్టె చక్రం ఒకటి ఊడి వాలులో దొర్లుకుంటూ పోయి ఒక పిల్లి ముందు ఆగింది. పిల్లి లేవనైనా లేవలేదు. పెట్టెను భుజాన వేసుకుని మిగతా మెట్లు ఎక్కాను. గది శుభ్రంగానే ఉంది, కిటికీలోంచి పెంకుటిళ్ల కప్పుల మీదుగా సముద్రం కనిపిస్తుంది. కాని వేడినీళ్లు ఒక్కరి స్నానానికే సరిపోయేవి. ఫోను చేస్తే తాళాలు ఇచ్చినామె నవ్వి "రేపు" అంది. రెండు రోజులూ అదే జవాబు.

మూడో రోజు ఒడ్డునే ఉన్న చిన్న హోటలుకు మారాం. రోజుకు 120 యూరోలు, పర్యాటక పన్ను విడిగా కట్టాలి. గది మొదటిదానికంటే చిన్నది, లిఫ్టు కూడా లేదు. అయినా నడిపే కుటుంబమే ఎదురొచ్చి పెట్టె అందుకుంది. రాత్రి మా ఆవిడకు తలనొప్పి వస్తే ఆ ఇంటి పెద్దావిడ అడగకుండానే వేడినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు డబ్బు గురించి ఆలోచించకుండా కింద ఒడ్డునే గది తీసుకోండి. ఈ ఊళ్లో ఏం చూశామన్నదానికంటే ఎక్కడ దిగామన్నదే ముఖ్యం.

నేను బందరువాడిని. నాకు సముద్రమంటే హోరు. ఇక్కడ మధ్యధరా సముద్రం చెరువులా పడి ఉంటుంది. ఆటుపోట్లు కూడా పెద్దగా తెలియవు. ఇసుక తక్కువ, గులకరాళ్లు ఎక్కువ కాబట్టి నీళ్లలో దిగాలంటే రబ్బరు చెప్పులు కావాలి. ఊరు తూర్పు వైపు తిరిగి ఉంది. ఆ రోజుల్లో ఏడున్నర ప్రాంతంలో సూర్యుడు సముద్రంలోంచి లేచేవాడు. సాయంత్రం మాత్రం కొండల వెనక్కి తొందరగా జారిపోతాడు, సూర్యాస్తమయం ఆశించి రావద్దు. ఒడ్డున ఒక నీలం ఇల్లుంది, క్యూబా డబ్బుతో కట్టిందట. క్యూబా వెళ్లి డబ్బు సంపాదించి తిరిగొచ్చిన ఇక్కడివాళ్లను ఒకప్పుడు "ఇండియానోలు" అనేవారట. అసలు ఇండియన్లం మేమే కదా అనుకుని నవ్వుకున్నాం.

చూడాల్సినది ఒక్కటే అనుకుంటే అది పక్కనే పోర్ట్‌లిగాత్ అనే చిన్న పల్లెలో చిత్రకారుడు సల్వదోర్ దాలీ ఇల్లు. గట్టు దాటి ఇరవై నిమిషాలు నడిస్తే చాలు. 1930లో కొన్న ఒక జాలరి గుడిసెకు పక్క గుడిసెలు కలుపుకుంటూ పోయాడాయన. గుమ్మంలోనే హారాలు వేసుకున్న తెల్ల ఎలుగుబంటి బొమ్మ (నిజమైన చర్మమే), కప్పు మీద పెద్ద పెద్ద గుడ్లు. పొద్దుటి సూర్యుడు మంచం మీదికే కనిపించేలా అమర్చిన అద్దం మాత్రం నాకు నచ్చింది. చిన్న జట్లుగానే లోపలికి పంపుతారు. టికెట్టు ముందే తీసుకోకపోతే బయట నిలబడి గుడ్లు చూసి రావాలి.

తిండి విషయంలో మా ఆవిడ శాకాహారి, నేను చేపలు తింటాను. "మాంసం వద్దు" అంటే ఇక్కడ సరిపోదు, సలాడ్ మీద ట్యూనా చేప వేసి తెస్తారు. మాంసం, చేప రెండూ వద్దని చెప్పాలి. ఆమెను ఆదుకున్నది ఎస్కలివాద: కాల్చిన వంకాయ, పెద్ద మిరపకాయల మీద ఆలివ్ నూనె. "పోపు పెట్టని వంకాయ పచ్చడి" అని పేరు పెట్టి మూడు పూటలు తింది. నేను సీసా బిరడా ఆకారంలో ఉండే తాప్స్ అనే కేకులు తిన్నాను. వాటిలో గుడ్డు ఉండటంతో ఆమె వాటా కూడా నాకే దక్కింది. భోజనం ఒకటిన్నర తర్వాతే, రాత్రి ఎనిమిదిన్నరకు ముందు వంటింట్లో పొయ్యి వెలగదు. అరటిపళ్లు దగ్గర పెట్టుకోండి.

నాలుగో రోజు త్రముంతానా వీచింది. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి అది, మొదలైతే రోజుల తరబడి ఆగదంటారు. దగ్గరలోనే సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండకొస కేప్ దె క్రెయుస్‌కు వెళ్లే పడవలన్నీ రద్దయ్యాయి. డబ్బు మారుమాట లేకుండా తిరిగిచ్చారు. మేము రోజంతా కిటికీ దగ్గర కూర్చుని పేకాడాం. ఆమె నాలుగు ఆటలు గెలిచింది, ఇప్పటికీ చెప్పుకుంటుంది.

పిల్లలకు ఆటలూ, రాత్రుళ్లు సందడీ, దుకాణాలూ కావాలనుకునేవాళ్లు ఇక్కడికి రావద్దు, మధ్యాహ్నం దుకాణాలు కూడా మూసేస్తారు. మాకు అయిదు రాత్రులు సరిపోలేదు. తిరుగు బస్సు ఎక్కేటప్పుడు డ్రైవరు మా పెట్టె చూసి మూడు వేళ్లు చూపించి ఏదో అడిగాడు. నాలుగో చక్రం నా చొక్కా జేబులో ఉంది, తీసి చూపించాను.