గోల్కొండ కోట: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు, సాంఘికానికి ఎంతవరకు పనికొస్తుంది?

స్కూలు విహారయాత్ర అనగానే హైదరాబాద్‌లో మొదట వినిపించే పేరు గోల్కొండే. పిల్లలు వెళ్తారు, చప్పట్లు కొడతారు, పులిహోర తిని వచ్చేస్తారు. కోట గొప్పదే. దాన్ని పాఠంగా వాడే తీరులోనే లోపమంతా.

ముందు ఆ చప్పట్ల సంగతి. బాలాహిస్సార్ దర్వాజా గుమ్మటం కింద కొడితే కొండమీది బారాదరిలో, అంటే పైనున్న దర్బారు మంటపంలో, వినిపించాలి. నలభైమందీ కిందే నిలబడి ఒకేసారి కొడితే పైన వినేవాళ్లెవరు? ఇద్దరు టీచర్లు, పదిమంది పిల్లలు ముందే పైకెక్కాలి. ఫోన్లో మాట్లాడుకుని ఒక్కడి చేత కొట్టించాలి. అదీ తొమ్మిదింటికి గేటు తెరవగానే అయిపోవాలి. పది దాటితే జనం గోలలో ఏమీ వినపడదు, మెట్లమీద ఎండ మాడ్చేస్తుంది.

గైడ్లు ఎక్కువగా హిందీలో చెబుతారు. తెలుగు వచ్చినవాళ్లు కావాలని ముందే అడగాలి. చారిత్రక విషయానికీ కట్టుకథకూ మధ్య గీత గీసేవాళ్లు తక్కువ. చార్మినార్ దాకా సొరంగం, సుల్తానుకు కోటదాకా వినిపించేదనే తారామతి పాట, అన్నీ ఒకే గొంతుతో వచ్చేస్తాయి. అందుకే నోట్సులో రెండు నిలువు గడులు గీయించండి: ‘రాతిమీద ఉన్నది’, ‘నోటిమాట’. అంబర్‌ఖానా (కోట గిడ్డంగి) దగ్గరి పారశీ శాసనం మొదటి గడిలోకి వెళ్తుంది. అది 1642 నాటిది, గోల్కొండనేలిన కుతుబ్‌షాహీల్లో అబ్దుల్లా కుతుబ్‌షా కాలంది. సొరంగం రెండో గడిలోకి. పిల్లల జవాబుల్లో తరచూ కనిపించే తప్పు ఇంకొకటి: ‘కోహినూర్ గోల్కొండ గనిలో దొరికింది’ అని రాస్తారు. గని కృష్ణ ఒడ్డున కొల్లూరులో ఉండేది, గోల్కొండ వజ్రాల బజారు.

అసలు సరుకు రామదాసు బందీఖానాలో ఉంది. ఎక్కేటప్పుడే దారిలో తగులుతుంది. చాలా బళ్లు అక్కడ ఫోటో దిగి కదిలిపోతాయి, అన్యాయం. కనీసం ముప్పావుగంట ఆగండి. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, చివరి కుతుబ్‌షాహీ సుల్తాను తానీషా కాలంలో ఇక్కడ ఖైదయ్యాడు. గోడమీద చెక్కిన రామలక్ష్మణుల, హనుమంతుడి బొమ్మలు చూపించి, ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన కాగితం పంచండి. అది భక్తిపాటే, లెక్కల చిట్టా కూడా. సీతమ్మకు చింతాకు పతకం, దానికి పట్టినవి పదివేల వరహాలు. ఆ ఒక్క కీర్తనలోనే వ్యాకరణం పీరియడు గడిచిపోతుంది: చింత + ఆకు అత్వసంధి, ‘కులతిలక’ తత్సమం, ‘మొహరీ’, ‘తురాయి’ అన్యదేశ్యాలు. పారశీ మాటలు రామకీర్తనలోకి ఎలా వచ్చాయని అడిగితే పిల్లలే కుతుబ్‌షాహీల దగ్గరికి వెళ్తారు. రాముడే వచ్చి బాకీ కట్టాడన్నది ఏ గడిలో రాయాలన్న చర్చ మాత్రం గట్టిగా జరుగుతుంది, జరగనివ్వండి.

కాలరేఖకు నాలుగు సంవత్సరాలు చాలు: 1518లో కుతుబ్‌షాహీల ఆరంభం, 1550లో ఇబ్రహీం గద్దెనెక్కడం, 1591లో హైదరాబాద్ నిర్మాణం, 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు చేతికి కోట. తెలుగు కవులు ఇబ్రహీంను మల్కిభరాముడన్నారు. ఆయన కాలంలోనే పొన్నిగంటి తెలగన్న అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ రాసి పటాన్‌చెరు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. ఓపిక మిగిలితే దగ్గర్లోనే ఉన్న ఏడు గుంబజ్‌లలో (కుతుబ్‌షాహీల సమాధుల్లో) ఇబ్రహీం సమాధి దగ్గర ఈ మాట చెప్పండి. ఒకే రోజు రెండూ అంటే ఆరో తరగతి పిల్లలు సొమ్మసిల్లుతారు, వాళ్లను కోటతోనే ఆపండి.

సౌండ్ అండ్ లైట్ షో సరదాకే. తెలుగు ప్రదర్శన రోజూ ఉండదు, టికెట్లు కొనకముందే భాష కనుక్కోండి.

పదిహేనేళ్లలోపు పిల్లలకు ప్రవేశ రుసుం లేదు, స్కూలు ఐడీ కార్డులు మాత్రం మెడలో ఉండాలి. పైన నీళ్లు దొరకవనుకుని తలా లీటరు సీసా పట్టించండి. ఆషాఢంలో గురు, ఆదివారాలు వద్దేవద్దు. జగదాంబ అమ్మవారి బోనాలకు మెట్లన్నీ నిండిపోతాయి. పెద్ద బస్సయితే ఫతే దర్వాజా వంపులో ఇరుక్కుని అరగంట పోతుంది. మినీ బస్సు మాట్లాడుకోండి.

తెలుగుకు 5కి 4.5, సాంఘికానికి 3.5, గైడ్లకు 2.