భారతం నాటకాలకు కుటుంబంతో వెళ్తే: ఏ రాత్రి చూడాలి, ఎక్కడ దిగాలి

చిత్తూరు వైపు భారతం నాటకాలు చూడాలనుకునే వాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే. తిరుమల యాత్రలో మిగిలిన పూటకు వాటిని సర్దుకోవద్దు. నాటకం కోసమే బయల్దేరి, కుదిరితే కొండకు వెళ్లి రండి. చిక్కంతా తేదీల దగ్గరే వస్తుంది. 300 రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. చూస్తుండగానే అయిపోతాయి. భారతం తేదీలేమో ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, కరపత్రం అచ్చేయించాక గానీ బయటికి రావు. ఈ రెండింటినీ ముడిపెడితే ఏదో ఒకటి తప్పిపోతుంది. నాటకం తేదీ ఖాయం చేసుకుని, తిరుగు ప్రయాణంలో తిరుపతిలో ఇచ్చే ఉచిత సర్వదర్శనం టోకెన్లకు ప్రయత్నించడం నయం. మేం అలాగే చేశాం.

ఈ నాటకాల గురించి తెలియని వాళ్ల కోసం కాస్త చెబుతాను. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్లు, ద్రౌపదమ్మ గుళ్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఎండాకాలంలో అక్కడ భారత యజ్ఞం జరుగుతుంది, ఎక్కువ చోట్ల 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. పగలు హరిదాసు చెప్పిన కథనే రాత్రికి నటులు ఆడి చూపిస్తారు. ఇదంతా జరిగే మైదానాన్ని భారతం మిట్ట అంటారు. మాటల కంటే పద్యాలు, పాటలే ఎక్కువ. హార్మోనియం, మద్దెల, తాళాలు తెల్లారేదాకా ఆగవు. టికెట్టు లేదు. ఖర్చంతా ఊరిదీ, ఒక్కో రోజు ఖర్చు భరించే దాతలైన ఉభయదారులదీ.

ఏ రాత్రి ఏ నాటకం, ఆడేది ఏ ఊరి బృందం, ఆ రోజు ఉభయదారులెవరు, అన్నీ కరపత్రంలో ఉంటాయి. ఆ ఊళ్లో ఒక్కరు తెలిసినా దాన్ని ఫొటో తీసి పంపమనండి. పూతలపట్టు దగ్గర పల్లెలో ఉండే మా చిన్నమామ మాకు అలాగే వాట్సాప్‌లో పంపాడు. తెలిసినవాళ్లు లేకపోతే చిత్తూరు బస్టాండు చుట్టుపక్కల టీ అంగళ్లలో అడగండి. చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడ భారతం నడుస్తోందో అక్కడ ఇట్టే తెలుస్తుంది.

పద్దెనిమిది రాత్రులూ ఎవరూ చూడలేరు కాబట్టి, ఎవరితో వెళ్తున్నారో చూసుకుని ఎంచుకోండి. పిల్లలుంటే బకాసుర వధ. బండెడు అన్నం, భీముడి తిండి, హాస్యగాడి మాటలు, వీటితో వాళ్లు నిద్ర మర్చిపోతారు. పెద్దవాళ్లకైతే రాయబారం రాత్రిని మించింది లేదు. కృష్ణుడు రాగం తీస్తూ పద్యాన్ని ఎంతసేపు పట్టి ఉంచితే జనం అంత మురిసిపోతారు. వన్స్ మోర్ అని ఎవరో ఒకరు అరవడం, ఆయన హార్మోనియం వైపు చూసి మళ్లీ ఎత్తుకోవడం. మా అబ్బాయి రెండో పద్యానికే నిద్రపోయాడు. మోకాళ్ల నొప్పులున్న మా అత్త మాత్రం తెల్లవార్లూ నడుం వాల్చలేదు, సగం పద్యాలు ఆమెకు నోటికొచ్చు. కర్ణ మోక్షం కూడా గొప్పగా ఉంటుందంటారు, ఆ రాత్రికి మేం ఉండలేకపోయాం.

ఒక్క రోజే కుదిరేవాళ్లు అర్జునుడి తపస్సు చూడండి. కొన్ని ఊళ్లలో రాత్రి చేస్తారు, మేం చూసిన ఊళ్లో పగలే చేశారు. మిట్ట మధ్యలో పొడవాటి మాను పాతి, ఎక్కడానికి అడ్డకర్రలు కొడతారు. దాన్నే తపస్సుమాను అంటారు. చుట్టూ తడి చీరలతో ఆడవాళ్లు సాష్టాంగపడి ఉంటారు, పిల్లలు కావాలని మొక్కుకున్నవాళ్లు. అర్జునుడి వేషం కట్టినాయన ఒక్కో మెట్టు దగ్గర ఆగి పద్యం పాడి, ఆ పద్యం అయ్యాకే పైమెట్టు మీద కాలు పెడతాడు. కింద హార్మోనియం ఆయన అతని పాదం వైపే చూస్తూ, కాలు కుదురుకునేదాకా శ్రుతి వదలకుండా పట్టుకున్నాడు. ఎంత పైకి వెళ్తే గొంతు అంత పైకి వెళ్లింది. చివరికి భుజాన ఉన్న సంచిలోంచి నిమ్మకాయలు, పూలు, విభూతి కిందికి చల్లుతుంటే ఆడవాళ్లంతా కొంగులు చాచారు. మా ముందు కూర్చున్న అమ్మాయి కొంగులో నిమ్మకాయ పడి జారిపోయింది. పక్కన ఉన్న ముసలావిడ దాన్ని తీసి, తన దగ్గర పెట్టుకోకుండా మళ్లీ ఆ అమ్మాయి కొంగులోనే వేసి ముడేసింది. మా పాప ఇప్పటికీ దాని గురించే అడుగుతుంది.

ఇక బస. తిరుపతిలో బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం ఉన్నాయి, రెండూ టీటీడీవే. దర్శనానికి వెళ్లేవాళ్లకు వాటిని మించిన చోటు లేదు. నాటకానికి వచ్చేవాళ్లకు మాత్రం దూరమే సమస్య. తిరుపతి నుంచి చిత్తూరుకు 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది, తెల్లవారుజామున నిద్రకళ్లతో అంత దూరం కారు నడపడం నాకు ఇష్టం లేదు. చంద్రగిరి, పుత్తూరు వైపు ఊళ్లలో నాటకమైతే తిరుపతిలో ఉండొచ్చు. ప్రైవేటు లాడ్జిలో దిగితే రెండు విషయాలు ముందే కనుక్కోండి. రాత్రి గేటు వేసేస్తారా, గది లెక్క 24 గంటలదా అని. మేం దిగిన ఒక లాడ్జిలో పొద్దున్నే ఆరింటికి గది తీసుకున్నాం. మర్నాడు నాటకం చూసి అదే సమయానికి వచ్చేసరికి షట్టర్ వేసి ఉంది. ఫోన్ చేస్తే చాలాసేపటికి తీశారు, తీయగానే ఖాళీ చేయమన్నారు. అత్త మెట్ల మీదే కూర్చుండిపోయింది. మధ్యాహ్నం గది తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

చిత్తూరు, పూతలపట్టు, ఐరాల వైపు ఊళ్లకైతే చిత్తూరులోనే దిగండి. లాడ్జిలు సాదాగా ఉంటాయి, హంగులు తక్కువ. అయినా నా ఓటు చిత్తూరుకే. ఒక్క సంగతి మర్చిపోవద్దు: రాత్రంతా నాటకం చూసినవాళ్లు పడుకునేది పగలు, అదీ మే నెల ఎండలో. ఏసీ, జనరేటర్ ఉన్న గదే తీసుకోండి. రోడ్డు వైపు కాకుండా వెనక వైపు అడగండి, పొద్దున్నే తలుపు కొట్టొద్దని రూమ్ బాయ్‌తో చెప్పండి. సాయంత్రం తీరిక ఉంటే కాణిపాకం 12 కిలోమీటర్లే. అక్కడా దేవస్థానం గదులున్నాయి, భోజనం కూడా పెడతారు. పిల్లలకు పగలు తిరగాలని ఉంటే తిరుపతి దగ్గర చంద్రగిరి కోట బాగుంటుంది, కాకపోతే మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది.

ప్రయాణం పగటిపూట బస్సులో హాయిగా సాగుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు టికెట్టు లేదు. అమ్మకు చిత్తూరు ఆధార్ ఉంది, కండక్టర్ జీరో టికెట్ కొట్టిచ్చాడు. నాది, అత్తది బెంగళూరు అడ్రస్, మేం డబ్బులిచ్చాం. రాత్రిపూట బస్సుల మీద ఆశ పెట్టుకోవద్దు. టౌన్ నుంచి మాట్లాడుకున్న కారు డ్రైవర్ నడిరాత్రి వెయిటింగ్ డబ్బుల గురించి పేచీ పెట్టాడు, పద్యం మధ్యలో మా ఆయన లేచి వెళ్లాల్సి వచ్చింది. మరుసటి రాత్రికి చిన్నమామ ఆ ఊరి ఆటో అతన్నే కుదిర్చాడు. అతనూ మాతోపాటే కూర్చుని నాటకం చూశాడు, వెయిటింగ్ ఊసే రాలేదు.

మిట్ట దగ్గర చాప, దుప్పటి మీవే తీసుకెళ్లండి. పెద్దవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీ కావాలంటే షామియానా వాళ్లను అడిగితే ఇస్తారు. మైకుల దగ్గర కూర్చుంటే పసిపిల్లలు బెదిరిపోతారు, హార్మోనియం ఉన్న వైపు కాస్త వెనగ్గా కూర్చోండి. తిండికి లోటు లేదు. మిరపకాయ బజ్జీలు, మసాలా బొరుగులు, టీ రాత్రంతా దొరుకుతాయి. అసలు ఇబ్బంది మరుగుదొడ్డి. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు అక్కడ సరైన ఏర్పాటు లేదు. ఎంతో ఖర్చుపెట్టి లైట్లు, పూల అలంకారం చేసే ఊళ్లు రెండు మొబైల్ టాయిలెట్లు తెప్పించలేవా అని నాకు నిజంగా బాధేసింది. చిన్నమామ ఇల్లు దగ్గర కాబట్టి మాకు సరిపోయింది. తెలిసిన ఇల్లు లేనివాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోండి.

ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టిన పెద్ద మట్టి విగ్రహం చుట్టూ భీముడు, దుర్యోధనుడు గదలతో పరుగులు పెడతారు, జనం వాళ్ల వెంట పరిగెడతారు. సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్లు అగ్నిగుండం తొక్కుతారు. పొద్దుటిది పిల్లలకు దగ్గరగా చూపించండి. సాయంత్రం మాత్రం తోపులాట ఎక్కువ, చంటిబిడ్డలతో ముందుకు వెళ్లొద్దు.

వెళ్లేటప్పుడు చిల్లర నోట్లు ఉంచుకోండి. పద్యం నచ్చితే వేదిక దగ్గరికి వెళ్లి చదివింపు ఇవ్వొచ్చు, ఇచ్చినవాళ్ల పేరు మైకులో చదువుతారు. పొద్దుగుంకినప్పుడు రంగు పూసుకుని, బరువైన కిరీటం పెట్టుకుని, తెల్లారేదాకా గొంతెత్తి పాడే మనుషులు వాళ్లు. అత్త కృష్ణుడికి ఇచ్చింది, నేను హార్మోనియం ఆయనకు ఇచ్చాను.