ముక్కు గొట్టమా, పొట్ట గొట్టమా: ఇంట్లో నెలల తరబడి ఏది మేలు?

మింగలేని మనిషిని ముక్కు గొట్టంతోనే, అంటే ముక్కులోంచి పొట్టలోకి వేసే ఆహార గొట్టంతోనే, ఇంటికి పంపుతారు. నెల దాటినా చాలా ఇళ్లలో అదే కొనసాగుతుంది. పొట్టకు రంధ్రం అనగానే ఇంట్లోవాళ్లు "వద్దులెండి, ఇలాగే నెట్టుకొద్దాం" అంటారు. వైద్యుల లెక్క వేరు. 4 నుంచి 6 వారాలు దాటి గొట్టం అవసరమయ్యేలా ఉంటే సాధారణంగా పొట్ట గొట్టమే, అంటే పెగ్, మేలంటారు. నాదీ అదే మాట, ఒక్క మినహాయింపుతో.

ముక్కు గొట్టానికి ఆపరేషన్ అక్కర్లేదు, మంచం పక్కనే నర్సు వేసేస్తుంది. దాని సుఖం అంతవరకే. సన్నగా ఉంటుంది కాబట్టి మందుల పొడికే పూడుకుపోతుంది. ముక్కు అంచు ఒరుసుకుని పుండు పడుతుంది. మతి స్థిమితం లేని రోగి నిద్రలో లాగేస్తాడు. అసలు టెన్షన్ అది కాదు, గొట్టం కొస ఊపిరితిత్తుల్లోకి జారడం. అందుకే ఫీడ్ ఇచ్చే ప్రతిసారీ ముక్కు దగ్గరి గుర్తు కదిలిందేమో చూడాలి. సిరంజితో కాస్త ద్రవం లాగి పీహెచ్ పట్టీ (ఆమ్లం ఎంతుందో చూపే కాగితం) మీద వేస్తే 5.5 లేదా అంతకంటే తక్కువ చూపించాలి. గాలి కొట్టి పొట్ట మీద స్టెతస్కోప్‌తో వినే పాత పద్ధతిని నమ్మకండి.

పెగ్‌ను 1980 నుంచి ఎండోస్కోపీతో, అంటే నోట్లోంచి దింపే కెమెరా గొట్టంతో చూస్తూ, వేస్తున్నారు. బట్టల కింద కనపడదు, గొంతులో ఏమీ అడ్డు ఉండదు, మింగే సాధన కూడా తేలిక. అయితే దీని చాకిరీ దీనికీ ఉంది. గాటు చుట్టూ ఎర్రబడటం, చీము కనిపెట్టుకుని ఉండాలి. గాటు మానాక నర్సు చూపినట్టు గొట్టాన్ని తిప్పుతుండాలి, లేకపోతే గొట్టాన్ని లోపల పట్టి ఉంచే బిళ్ల పొట్ట గోడలో కూరుకుపోతుంది. మొదటి వారాల్లో ఊడితే ఇంట్లో ఎవరూ తిరిగి తోయకూడదు. తర్వాతైనా గంటల్లోనే రంధ్రం మూసుకుపోతుంది, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

పెగ్ వేస్తే పొలమారదన్నది అపోహ. ఉమ్మి పొలమారుతుంది, పొట్టలోది పైకి ఎగదన్నుతుంది. ఏ గొట్టమైనా తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, ఫీడ్ అయ్యాక కూడా కొంతసేపు.

పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో మాత్రం తొందర వద్దు. 2005లో వెలువడిన ‘ఫుడ్’ (FOOD) అనే పక్షవాత రోగుల అధ్యయనంలో తొలి రెండు మూడు వారాలకు ముక్కు గొట్టమే నయమని తేలింది. కండరాలను క్రమంగా చచ్చుబరిచే నరాల జబ్బు ఏఎల్ఎస్‌లో దీనికి తలకిందులు: ఊపిరి బలం బాగా పడిపోకముందే పెగ్ వేయించాలి.

నేను చెప్పిన మినహాయింపు ముదిరిన డిమెన్షియా (మతిమరుపు జబ్బు). అక్కడ గొట్టం ఆయుష్షు పెంచుతుందన్న ఆధారం లేదు. వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ కూడా ఓపిగ్గా చెంచాతో తినిపించమనే చెబుతుంది.

ఏది వేయించినా, డిశ్చార్జికి ముందే ఇంట్లో ఇద్దరు నర్సు ఎదుట తమ చేతులతో ఒక ఫీడ్ ఇచ్చి చూపించాలి. అర్ధరాత్రి గొట్టం ఊడితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో అక్కడే రాయించుకోవాలి.