పెరట్లో కూలిన చెట్టుకు అలాస్కన్ మిల్లు: ఏళ్ల వాడకం తర్వాత

ప్రహరీ గోడకూ పక్కింటి రేకుల షెడ్డుకూ మధ్య పడిన వేప మొద్దును క్రేను లేకుండా బయటికి తీయలేం. అలాంటి చోట చైన్‌సా బారుకు (గొలుసు తిరిగే పొడవాటి పట్టీకి) బిగించి మొద్దును పలకలుగా కోసే ఈ అల్యూమినియం చట్రం నిజంగా అక్కరకొస్తుంది. ట్రాక్టరు మొద్దు దాకా రాగలిగితే మాత్రం సామిల్లుకే పంపండి. అక్కడి బ్యాండ్‌సా (పట్టీ రంపం) ఒక్కో కోతలో 2, 3 మిల్లీమీటర్లు పొట్టు పోతే, దీనితో 9 దాకా పోతుంది. అంగుళం పలకలు తీస్తే నాలుగో వంతు కలప నేలపాలు. అందుకే రెండంగుళాలకు తగ్గించి నేను కోయను. అప్పుడు నష్టం దాదాపు ఏడో వంతుకు దిగుతుంది.

20 అంగుళాల వెడల్పు కోయాలంటే ఇంజను 70 సీసీకి తగ్గకూడదు. గొలుసు ఇంకా ముఖ్యం. అడ్డకోత గొలుసు పళ్లు 30 డిగ్రీల్లో ఉంటాయి, నిలువు కోతకు 10 డిగ్రీలకు సానబెట్టింది కావాలి. చట్రాన్ని బలంగా తోయాల్సి వస్తోందంటే పదును పోయినట్టే. ట్యాంకు నిండా పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆకురాయి పట్టండి.

వేళ్ల గడ్డ ఇంకా అంటుకుని ఉన్న మానును కోసేటప్పుడు జాగ్రత్త. బరువు తప్పగానే మోడు ఒక్కసారిగా పైకి లేచి నిలబడుతుంది, వేళ్లు లేచిన గుంటలో ఎవరూ ఉండకూడదు. పెరటి చెట్టు కింది ఆరడుగుల్లో బట్టల తీగ మేకులు తప్పకుండా ఉంటాయి. చెక్కలో నీలి నలుపు మరక కనిపిస్తే అక్కడ ఇనుము ఉండొచ్చని అర్థం.

తొలి కోతలో చట్రం తిన్నగా జారేలా మొద్దు మీద తిన్నని నిచ్చెన బిగించాలి. స్క్రూ కొనలు కోత లోతుకు అందకూడదు. మొద్దు తల వైపు కాస్త ఎత్తుగా ఉంచి దిగువకు కోస్తే రంపం తన బరువుతోనే సాగుతుంది. వెనక చీలికలో చెక్క మేకులు దిగగొడుతూ పోకపోతే పలక వాలి బారును పట్టేస్తుంది. నడి బెండు పడిన పలక ఎలాగూ నిలువునా పగులుతుంది, దాన్ని మధ్యకు చీల్చేయండి.

వేప చేవకు పురుగు భయం తక్కువ, మెలి తిరగడమే బెడద. మామిడి అలా కాదు. పడిన కొద్ది వారాల్లోనే నీలి బూజు, తొలిచే పురుగు రెండూ పడతాయి, వెంటనే కోసి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించాలి. టేకైతే దుంగను ఊరు దాటించే ముందు అటవీ శాఖ పర్మిటు చూసుకోవాలి.

కోసిన రోజే పలకల కొనలకు పాత పెయింటు దట్టంగా పూయండి. నీడలో, పలకల మధ్య అడుగున్నరకొకటి చొప్పున అంగుళం బద్దలు ఒకదానిపై ఒకటి సరిగ్గా నిలువు వరసలో వచ్చేలా పేర్చి, పైన నాపరాళ్లు ఎత్తండి. రెండంగుళాల పలకకు దాదాపు రెండేళ్లు పడుతుంది. ఒక పలకను నెలనెలా తూకం వేస్తూ ఉండండి. పొడి కాలంలో వరసగా రెండు తూకాలు ఒకేలా వస్తే వడ్రంగిని పిలవొచ్చు.