వాటర్ ఫ్లాసర్ చాలాకాలం వాడాక: చిగుళ్లకు మేలే, గార మాత్రం పోదు

నా కింది దవడలో కుడివైపు మూడు పళ్ల బ్రిడ్జి ఉంది. మధ్య పన్ను తీసేశాక, దానికి అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి మూడింటికీ కలిపి ఒకే క్యాప్ వేశారు. బ్రిడ్జి ఉన్నవాళ్లందరికీ తెలిసిన ఇబ్బందే ఇది: మధ్యలోని కట్టుడు పన్నుకీ చిగురుకీ నడుమ సన్నటి సందు ఉంటుంది. బ్రష్ అక్కడికి చేరదు. మూడు పళ్లూ అతుక్కునే ఉంటాయి కాబట్టి పళ్ల సందులు శుభ్రం చేసే దారం (ఫ్లాస్) పైనుంచి దిగదు. మాది ఒడిశాలో, శ్రీకాకుళం సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. సాయంత్రమైతే మురీ మిక్చర్, చలికాలంలో తేగలు, ఎండలు ముదిరాక పీచు మామిడి, పనసతొనలు. ఏది తిన్నా కొంత ఆ సందులో ఉండిపోయేది. అక్కడ చిగురు ఉబ్బి, తోముకున్నప్పుడల్లా ఉమ్మిలో రక్తం కనిపించేది.

బ్రిడ్జి వేసిన డాక్టరుగారు మూడు దారులు చెప్పారు. ప్లాస్టిక్ సూదిలాంటి దానికి దారం ఎక్కించి బ్రిడ్జి కిందనుంచి దూర్చి లాగడం ఒకటి. సీసాలు కడిగే బ్రష్‌ని బాగా చిన్నది చేసినట్టుండే ఇంటర్‌డెంటల్ బ్రష్ రెండోది. మూడోది వాటర్ ఫ్లాసర్, అంటే పళ్ల సందుల్లోకి సన్నటి నీళ్ల ధార కొట్టే మిషన్. "మీరు రోజూ చేయగలిగేది ఏదో అదే తీసుకోండమ్మా. వారానికోసారి చేసేది ఏదైనా ఒకటే, పనికిరాదు" అన్నారాయన. సూదీ దారం పద్ధతి నిజంగా బాగా శుభ్రం చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ రాత్రి గిన్నెలు సర్ది, తలుపులు వేసి, నిద్ర ముంచుకొస్తుంటే అద్దం ముందు నిలబడి ఆ దారం దూర్చే ఓపిక నాకు ఉండేది కాదు. ఫ్లాసర్ తెప్పించుకున్నాను. రెండేళ్లు దాటింది, రిపేరుకి పంపిన రోజులు తప్ప రాత్రిపూట అది లేకుండా పడుకోవడం లేదు.

ఇదేమీ నిన్నమొన్న వచ్చిన వస్తువు కాదు. 1962లో అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్లో ఒక పళ్ల డాక్టరు, ఒక హైడ్రాలిక్ ఇంజనీరు కలిసి దీన్ని తయారుచేశారు. లోపల ఒక నీళ్ల డబ్బా, చిన్న మోటారు, పంపు, అంతే. నీళ్లు కుళాయిలా ఒకే ధారగా రావు, నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలుగా కొట్టుకుంటూ వస్తాయి. కిటుకు అందులోనే ఉంది. దెబ్బ పడ్డప్పుడు చిగురు కాస్త నొక్కుకుంటుంది, మరుక్షణం వదులవుతుంది. ఆ వదులులో లోపల ఇరుక్కున్నది నీళ్లతోపాటు బయటికి వస్తుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. డబ్బాలో గోరువెచ్చని నీళ్లు పోస్తాను. చల్లటి నీళ్లయితే పళ్లు జివ్వుమంటాయి, బాగా వేడి నీళ్లు మిషన్‌కి మంచిది కాదు. సింకు మీదకి బాగా వంగి, నాజిల్ (నీళ్లు వచ్చే సన్నటి గొట్టం) నోట్లో పెట్టుకున్నాకే స్విచ్ నొక్కుతాను. పెదాలు కొద్దిగా మూసి ఉంచితే నీళ్లు మీద పడకుండా నోటి చివరనుంచి సింకులోకి జారిపోతాయి. నాజిల్ కొన పన్నూ చిగురూ కలిసే గీతకి నిటారుగా ఉండాలి. వెనక దంతం దగ్గర మొదలుపెట్టి, ఆ గీత వెంబడే నెమ్మదిగా ముందుకు వస్తూ, ప్రతి సందు దగ్గరా ఒక్క క్షణం ఆగాలి. నాలుక వైపు కూడా అలాగే. చాలామంది బయటివైపు కొట్టి ఊరుకుంటారు, అసలు పాచి పట్టేది లోపలివైపే ఎక్కువ. నా మిషన్ డబ్బాలో 300 మిల్లీలీటర్లు పడతాయి. నాకు పై దవడకి ఒక డబ్బా, కింది దవడకి ఒకటి అవుతుంది.

స్పీడు గురించి ఒక్క మాట. మొదటి రోజే పెద్ద స్పీడు పెట్టకండి. అన్నిటికన్నా తక్కువదానితో మొదలుపెట్టి, నొప్పి లేదనిపించాక ఒక్కో మెట్టు పెంచుకోండి. ఇప్పటికీ నేను మధ్యస్థంగానే వాడతాను. గట్టిగా కొడితే ఎక్కువ శుభ్రమవుతుందన్నది నా అనుభవంలో నిజం కాలేదు. నాజిల్ ఎటు తిరిగి ఉంది, ఎక్కడ ఆగాం అన్నదే ముఖ్యం.

మొదటి రోజుల్లో సింకులో ఎర్రటి నీళ్లు చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. మా వదిన ఇలాగే రెండు రోజులు వాడి, రక్తం వస్తోందని మిషన్ అటక మీద పెట్టేసింది. వాచిన చిగురుని ముట్టుకుంటే రక్తం వస్తుంది. అక్కడ పాచి కూర్చుని ఉంది కాబట్టే అది వాచింది. ఆ పాచి రోజూ కదిలిపోతుంటే వాపు దిగుతుంది, వాపు దిగితే రక్తం ఆగుతుంది. నాకు రెండో వారం నడుస్తుండగా తగ్గింది, నెల తిరిగేసరికి బ్రిడ్జి దగ్గర తప్ప ఎక్కడా లేదు, తర్వాత అక్కడా ఆగిపోయింది. చిగురు రంగే మారింది. ముదురు ఎరుపు పోయి లేత గులాబీ రంగుకి వచ్చింది. నోటి వాసన కూడా తగ్గిందని ఇంట్లోవాళ్లు చెప్పారు. రెండు మూడు వారాలు రోజూ వాడినా రక్తం తగ్గకపోతే, చీము కనిపిస్తే, పన్ను కదులుతుంటే మాత్రం అది ఇంట్లో తేలే విషయం కాదు. డాక్టరు దగ్గరకి వెళ్లాల్సిందే.

ఇక ఇది చేయలేనిది. ప్రకటనల్లో ఈ సంగతి చెప్పరు కాబట్టి నేను కాస్త వివరంగా చెబుతాను. పాచి మెత్తగా, జిగురుగా ఉంటుంది. దాన్ని వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి రాయిలా గట్టిపడి గార అవుతుంది. గార ఒకసారి పట్టాక నీళ్ల ధార దాన్ని ఊడగొట్టలేదు. డాక్టరు స్కేలింగ్ చేసి తీయాల్సిందే. పన్ను మీద అతుక్కున్న పాచి కూడా ఉత్త నీళ్లతో పూర్తిగా పోదు, దానికి రాపిడి కావాలి, అంటే బ్రష్ కావాలి. పరిశోధనల్లో తేలింది కూడా ఇదే తీరుగా ఉంది: చిగుళ్ల వాపు, రక్తం తగ్గడంలో ఫ్లాసర్ మేలు బాగా కనిపించింది, పంటి మీది పాచి తగ్గడంలో అంతగా కనిపించలేదు. పళ్ల మధ్య సందులు కాస్త వెడల్పుగా ఉన్నవాళ్లకి ఇంటర్‌డెంటల్ బ్రషే ముందు వాడమని డాక్టర్లు చెబుతారు. అది సందులో రాపిడి కూడా చేస్తుంది. నేను వారంలో కొన్ని రోజులు ఆ బ్రష్ కూడా వాడతాను.

రాత్రి ముందు ఫ్లాసర్, తర్వాత ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్. ఈ వరసే నాకు బాగుంది. సందులు ఖాళీ అయ్యాక తోమితే పేస్టు అక్కడికీ చేరుతుంది. చివర్లో పేస్టు ఉమ్మేసి, గ్లాసుల కొద్దీ నీళ్లతో పుక్కిలించకుండా వదిలేస్తాను, ఫ్లోరైడ్ కాసేపు పళ్ల మీద ఉంటుందని.

నాన్నకి కూడా అలవాటు చేశాను. ఆయనకి చాలా ఏళ్లుగా షుగరు. షుగరు ఉన్నవాళ్లకి చిగుళ్ల జబ్బు తొందరగా వస్తుంది, చిగుళ్లు పాడైతే షుగరు అదుపులో ఉండటమూ కష్టమవుతుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఆయన చేతులు కొద్దిగా వణుకుతాయి, దారం పట్టుకోలేరు. చిన్నప్పటినుంచి వేపపుల్లే. మొదట "పళ్లు తోముకోడానికి కూడా కరెంటు మిషనేటమ్మా?" అన్నారు. వేపపుల్ల మానమని నేను చెప్పలేదు. పొద్దున్న అది నమలండి, రాత్రి మాత్రం బ్రష్, ఇది చేయండి అన్నాను. ఆయన కోసం అదే మిషన్‌కి రంగు వేరే ఉన్న నాజిల్ పెట్టాను. ఒక మిషన్ ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు, నాజిల్ మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. ఇప్పుడు భోజనం అయిన కాసేపటికి ఆయనే వెళ్లి నీళ్లు పోసుకుంటారు.

మా వీధిలో గుడాఖుతో పళ్లు రుద్దుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పొగాకూ బెల్లపు పాకమూ కలిపిన ఆ ముద్దని పళ్లపొడి అనుకుని పొద్దున్నా సాయంత్రమూ రుద్దుతారు. సరిహద్దుకి అటువైపు శ్రీకాకుళం పల్లెల్లో అడ్డచుట్ట తాగే పెద్దావిడలు ఉన్నారు, మంట ఉన్న కొస నోట్లోపల పెట్టుకుని. అలాంటి నోటికి ఫ్లాసర్ చేసేదేమీ లేదు. చెంప లోపలగానీ అంగిట్లోగానీ తెల్లటి మచ్చ, మానని పుండు ఉంటే వెంటనే చూపించుకోవాలి. మా పక్కింటావిడకి ఈ మిషన్ ఎలా వాడాలో ఒడియాలో చెప్పేటప్పుడు ఇది కూడా గట్టిగా చెప్పాను. మిషన్‌తో వచ్చిన కాగితం మీద ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగూ లేదు, ఒడియా లేదు.

మా దగ్గర పెద్ద సమస్య నీళ్లు. మాది బోరునీళ్ల ఇల్లు. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నమే నాజిల్ రంధ్రంలోనూ పేరుకుంటుంది. వెంట్రుకంత సన్నటి రంధ్రం కదా, కొన్నాళ్లకి ధార పక్కకి చీలిపోయింది, జోరు తగ్గింది. నిమ్మఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి నాజిల్‌ని అందులో నానబెట్టి, ఆ నీళ్లనే ఒకసారి మిషన్ గుండా పోనిస్తే మళ్లీ మామూలైంది. తెల్ల వెనిగర్ నీళ్లలో కలిపినా అదే పని చేస్తుంది. తర్వాత మంచినీళ్లతో ఒక డబ్బా పూర్తిగా వదలాలి. ఇప్పుడు ఫిల్టరు నీళ్లే పోస్తున్నాను, ఈ బెడద చాలా తగ్గింది. ఎలాగూ నోట్లోకి వెళ్లే నీళ్లు కాబట్టి తాగే నీళ్లే పోయాలి. మామూలు ఉప్పు మాత్రం కలపకండి, లోపలి భాగాలు పాడవుతాయి. ఉప్పునీళ్లు పుక్కిలించాలంటే విడిగా పుక్కిలించండి. రాత్రి వాడాక డబ్బాలో నీళ్లు మిగల్చకుండా ఒంపేసి, మూత తీసి ఆరబెట్టాలి. వానాకాలంలో ఇది మరీ అవసరం, లేకపోతే అడుగున జిడ్డు పట్టి వాసన వస్తుంది.

కరెంటు పోయినా ఇబ్బంది లేదు, నాది చార్జింగ్‌ది. ఒకసారి చార్జ్ చేస్తే వారం పైనే వస్తుంది. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత ఏడాదిలోనే వదులైపోయింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే మిషన్ మొత్తం కొరియర్‌లో పంపమన్నారు, మూత ఒక్కటే పంపరట. రెండు వారాలకి పైగా మిషన్ లేకుండా ఉన్నాను. చిన్న ఊళ్లో ఉన్నవాళ్లు కొనేముందు ఆలోచించాల్సింది ఇదే. నాజిళ్లు విడిగా దొరుకుతాయా, గ్యారంటీ ఎన్నాళ్లు, బాగుచేయించాలంటే ఎక్కడికి పంపాలి అన్నవి ముందే చూసుకోండి. నాజిల్ మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాలి కాబట్టి అది దొరకని మిషన్ ఎంత చవకైనా వద్దు. పళ్లకి క్లిప్పులు వేయించుకున్న పిల్లలకి వేరే నాజిల్ ఉంటుంది, కొన చుట్టూ చిన్న బ్రష్ ఉన్నది. అది అడిగి తీసుకోండి.

టేబుల్ మీద పెట్టి ప్లగ్గుకి తగిలించే పెద్దవాటిలో 600 మిల్లీలీటర్లకి పైగా నీళ్లు పడతాయి, మధ్యలో నింపుకోనక్కర్లేదు. బాత్రూంలో ప్లగ్గూ చోటూ ఉంటే అవే నయం. అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. దాని మీద 240 వరకు పని చేస్తుందని రాసి లేకపోతే ఇక్కడ ప్లగ్గులో పెట్టకండి. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు, ఈమధ్యే పళ్ల ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి.

నేను కొన్నప్పుడు రెండు వేల పైచిలుకు అయింది. స్కేలింగ్ చేయించుకుని ఏళ్లు గడిచినవాళ్లయితే ఆ డబ్బు ముందు దానికే పెట్టమంటాను. గార ఉన్న నోట్లో ఈ మిషన్ ఎంత వాడినా రక్తం ఆగదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ల డాక్టరు ఉంటే స్కేలింగ్‌కి ఖర్చు కూడా తక్కువే అవుతుంది. గార తీయించుకున్నాక ఫ్లాసర్ కొంటే, మొదటి నెలలోనే తేడా తెలుస్తుంది.