డి వలేరా దారి, లెమాస్ దారి: స్వతంత్ర ఐర్లండ్ ఎంపికలు

1932లో ఐర్లండ్‌లో అధికారానికి వచ్చిన డి వలేరా దిగుమతి సుంకాలతో స్వయంసమృద్ధిని కోరి, 1937 రాజ్యాంగంలో కాథలిక్ చర్చికి ప్రత్యేక స్థానమిచ్చారు. 1959లో ప్రధాని అయిన లెమాస్, ఆర్థికశాఖ కార్యదర్శి విటేకర్ అంతకు ముందే 1958లో రూపొందించిన ప్రణాళికను ఆధారం చేసుకుని విదేశీ పెట్టుబడులను ఆహ్వానించారు.

మూల్యం: మొదటి దారికి వలసలు. 1950లలోనే దాదాపు 4 లక్షల మంది దేశం విడిచిన సంగతి నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. రెండో దారికి, సుంకాల రక్షణ కోల్పోయిన పాత పరిశ్రమలు.

చదువు: మొదటిది ఐరిష్ భాషను బడిలో నిలిపింది గాని ఇళ్లలో నిలపలేకపోయింది, రెండోదాని కాలంలో 1967 నుంచి ఉచిత మాధ్యమిక విద్య వచ్చింది.

ముప్పు: మొదటి దారిలో, బ్రిటన్ పాలనలోనే ఉండిపోయిన ఉత్తర ఐర్లండ్ ప్రొటెస్టెంట్లు దూరమవడం, రెండో దారిలో విదేశీ కంపెనీలపై ఆధారపడటం.

బ్రిటన్ నుంచి కొత్తగా విడివడిన దేశం తన ఉనికిని చాటుకోవలసిన దశకు మొదటిది తగింది. ఆ ఉనికి స్థిరపడి, యువతకు పని కరువైన దశకు రెండోదే తగింది.