మైండ్ ఎంజీఎంటీ (అంటే మైండ్ మేనేజ్‌మెంట్): మార్జిన్ కూడా చదవాల్సిన గూఢచారి కామిక్

మాట్ కింట్ కథ రాసి, బొమ్మలూ తనే వేసిన ఈ కామిక్‌ని డార్క్ హార్స్ అనే ప్రచురణ సంస్థ 2012 నుంచి 2015 దాకా 36 సంచికలుగా తెచ్చింది. ఒక విమానంలో ఉన్నవాళ్లకి గాల్లో ఉండగానే జ్ఞాపకాలు చెరిగిపోతాయి. ఆ ప్రయాణికుల్లో హెన్రీ లైమ్ అనే అతను మాత్రం ఆచూకీ లేడు. రెండేళ్ల తర్వాత అతన్ని వెతుక్కుంటూ మేరు అనే రచయిత్రి బయల్దేరుతుంది. మనసులని ఆయుధాలుగా వాడే ఒక రహస్య సంస్థ మెల్లగా బయటపడుతుంది.

అమెరికా ప్రభుత్వం నిజంగానే అతీంద్రియ శక్తులతో గూఢచర్యం చేయించాలని చూసింది. ఆ స్టార్‌గేట్ ప్రాజెక్టు 1995లో మూతపడింది. కింట్ ఆ ఊహని చాలా దూరం తీసుకెళ్లాడు. నాకు నచ్చిందేమిటంటే, ఇక్కడ శక్తి ఉన్నంత మాత్రాన ఏజెంటు సుఖపడడు. డంకన్ అనే ఏజెంటు చుట్టుపక్కలవాళ్ల ఆలోచనలు చదివేస్తాడు కాబట్టి రాబోయేది ముందే తెలిసిపోతుంది. అలాంటివాణ్ణి మాటువేసి కొట్టడం ఎలా? ఉత్కంఠ అక్కడ పుడుతుంది.

అసలు పనితనం పేజీలోనే ఉంది. బొమ్మలు వేసే అట్టల మీద హద్దుగీతలు లేత నీలంలో ఉంటాయి. అచ్చు కోసం బొమ్మల్ని ఫొటో తీసే పాత కెమెరాలు ఆ రంగుని పట్టవు కాబట్టి అచ్చులో కనిపించేవి కావు. కింట్ వాటిని కావాలనే అచ్చు వేయించాడు. ఎడమ అంచున నిలువుగా, అదే నీలంలో, ఏజెంట్లకి సూచనలు ఉంటాయి. తర్వాతి సంపుటాల్లో ఆ రాతలు వేరే కథనాలుగా మారతాయి. ముందు ప్యానెళ్లు (బొమ్మల గడులు) మాత్రం చదవండి, సంపుటం అయ్యాక వెనక్కి వచ్చి మార్జిన్ చదవండి. రెండూ కలిపి చదివితే కథ చేజారుతుంది. ఫోన్ తెర మీద ఆ సన్న అక్షరాలు చదవడం కష్టం, కాగితం ప్రతే కొనండి.

లోపాలూ ఉన్నాయి. నీటిరంగుల కింద గీత వదులుగా ఉంటుంది, దాంతో ముఖాలు ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. మేరుని ఎర్రజుట్టుతో గుర్తుపట్టొచ్చు గానీ మగ ఏజెంట్ల విషయంలో తడబాటు తప్పదు. మధ్యలో ఒక్కో ఏజెంటు పాత చరిత్ర చెప్పే సంచికలు విడిగా అద్భుతంగా ఉన్నా ప్రధాన కథని ఆపేస్తాయి. మేరు జ్ఞాపకాలే నమ్మదగ్గవి కావు కాబట్టి వారానికి కొంచెం చొప్పున చదివితే పట్టు తప్పుతుంది. ఒక్కో సంపుటం ఒకట్రెండు రోజుల్లో ముగించాలి.

కొనేవాళ్లకి: మొత్తం కథ ఆరు సంపుటాలు. తర్వాత వాటినే రెండేసి కలిపి మూడు ఆమ్నిబస్‌లుగా వేశారు. ‘ది మేనేజర్’, ‘ది ఫ్యూచరిస్ట్’ కలిసిన మొదటిదానితో మొదలుపెట్టండి. 2022లో వచ్చిన ‘బూట్‌లెగ్’ కొనసాగింపు, అది చివర్లో చదవాల్సింది. ఇదే పేరుతో బోర్డ్ గేమ్ కూడా ఉంది, ఆర్డర్ పెట్టేముందు అది పుస్తకమో కాదో చూసుకోండి.